పంట పొలాల మధ్య మిగిలిన చిట్టడవులు, స్వచ్ఛంద పక్షి గణన: ఆస్ట్రేలియా అనుభవం

ఉపోద్ఘాతం

పంట పొలాల నడుమ, రహదారుల పక్కన, రాతి గుట్టలపైన, వాగుల ఒడ్డున సాగుకు అనుకూలించక మిగిలిపోయిన సహజ వృక్షసంపదను సాధారణంగా నిరుపయోగ భూమిగానే పరిగణిస్తారు. అందులో ఏమున్నదో తెలియనంతవరకు దానికి విలువ కట్టడం సాధ్యం కాదు. విలువ తెలియని చోటును చదును చేయడానికి ఎవరూ సంకోచించరు. ఆస్ట్రేలియా వ్యవసాయ ప్రాంతాలలో ఇటువంటి చిట్టడవి ఖండాలను గురించి నేడు లభిస్తున్న సమాచారంలో గణనీయమైన భాగం వేతనం ఆశించక పక్షులను లెక్కించిన సాధారణ పౌరులు సమకూర్చినదే. వారిలో రైతులు, ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు ఉన్నారు.

శిక్షణ పొందిన శాస్త్రవేత్తలు కాని వేలాది మంది సేకరించిన లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు? ఆ లెక్క ఆధారంగా రైతుకు సలహా ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం గణకుల సంఖ్యలో లేదు. వారు పాటించిన కొలతలో ఉన్నది. ఆ కొలతను, దాని ద్వారా వెల్లడైన విషయాలను, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పరిస్థితులకు అందులో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో చివరి భాగంలో పరిశీలిస్తుంది.

చిట్టడవి ఖండాలు మిగిలిన తీరు

పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు నైరుతి భాగంలో గోధుమ, గొర్రెల పెంపకం ప్రధానంగా గల విశాలమైన మండలం ఉన్నది. అక్కడ 1960వ దశకంలో ఏటా పది లక్షల ఎకరాల కొత్త భూమిని సాగులోకి తేవడం ప్రభుత్వ లక్ష్యంగా ఉండేది. ఫలితంగా ఆ మండలంలోని అనేక జిల్లాలలో సహజ వృక్షసంపద 90 శాతానికి పైగా తొలగిపోయింది. ఆగ్నేయాన న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాలలోని పచ్చిక అడవులది కూడా ఇదే స్థితి. వైట్ బాక్స్, యెల్లో బాక్స్ వంటి యూకలిప్టస్ జాతులు పెరిగే అటువంటి అడవులను 2006లో ఆ దేశ ప్రభుత్వం తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జీవసముదాయంగా ప్రకటించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రైతులు మొదట సారవంతమైన లోతు నేలలనే చదును చేశారు. అందువల్ల మిగిలిన ఖండాలు ఎక్కువగా రాతి నేలల్లోను, పలుచని నేలల్లోను ఉన్నాయి. సారవంతమైన నేలల మీది అడవిని ఆశ్రయించిన పక్షులకే ఎక్కువ నష్టం జరిగింది.

నష్టం పక్షులతో ఆగలేదు. లోతైన వేళ్లు గల చెట్లు పోవడంతో వర్షపు నీరు భూగర్భంలోకి అధికంగా ఇంకి, నీటి మట్టం పైకి వచ్చి, నేల అడుగున ఉన్న లవణాలను ఉపరితలానికి తెచ్చింది. చెట్ల తొలగింపునకు, భూమి చౌడుబారడానికి గల సంబంధాన్ని రైల్వే ఇంజనీరు డబ్ల్యు. ఇ. వుడ్ 1924లోనే పశ్చిమ ఆస్ట్రేలియాలో ప్రచురించిన పత్రంలో వివరించాడు. న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూ ఇంగ్లండ్ పీఠభూమిలో 1970వ దశకంలో యూకలిప్టస్ చెట్లు పై కొమ్మల నుంచి ఎండిపోసాగాయి. ఆకులు తినే పెంకు పురుగులు విపరీతంగా పెరగడం దీనికి ముఖ్య కారణమని, వాటిని తినే పక్షులు తగ్గిపోవడం సహకార కారణాలలో ఒకటని పరిశోధకులు భావించారు. ఈ నేపథ్యంలోనే చిట్టడవి ఖండాలలో ఏయే పక్షులు మిగిలి ఉన్నాయన్న ప్రశ్న వ్యవసాయ ప్రశ్నగా మారింది.

స్వచ్ఛంద గణన వికాసం

1901లో ఏర్పడిన ఆస్ట్రలేషియా పక్షిశాస్త్ర సంఘం 1977 నుంచి 1981 వరకు స్వచ్ఛంద కార్యకర్తల సహాయంతో దేశవ్యాప్తంగా పక్షుల తొలి అట్లాసు సర్వే నిర్వహించింది. రెండవ అట్లాసు సర్వే 1998 నుంచి 2002 వరకు జరిగింది. ఇందులో 7,000కు పైగా స్వచ్ఛంద గణకులు పాల్గొన్నారు. ఈ రెండింటి మధ్యకాలంలో, 1990వ దశకంలో, ప్రత్యేకించి వ్యవసాయ క్షేత్రాల కోసం 'బర్డ్స్ ఆన్ ఫామ్స్' అనే సర్వే చేపట్టారు. 2012లో ఈ సంఘపు వారసత్వ సంస్థ మరొక సంస్థతో విలీనమై 'బర్డ్‌లైఫ్ ఆస్ట్రేలియా'గా ఏర్పడింది. గణకులు తమ జాబితాలను నేడు 'బర్డేటా' అనే ఎలక్ట్రానిక్ వేదికలో నమోదు చేస్తున్నారు.

గణన విధానం: రెండు హెక్టార్లు, ఇరవై నిమిషాలు

రెండవ అట్లాసు సర్వేలో ప్రామాణికంగా స్వీకరించిన పద్ధతి సరళమైనది. గణకుడు రెండు హెక్టార్ల, అనగా దాదాపు ఐదు ఎకరాల స్థలాన్ని ఎంచుకుంటాడు. 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం ఇందుకు సరిపోతుంది. కచ్చితంగా ఇరవై నిమిషాల పాటు ఆ హద్దులలో నడుస్తూ, కంటికి కనిపించిన, చెవికి వినిపించిన ప్రతి పక్షి జాతిని నమోదు చేస్తాడు. హద్దు వెలుపల కనిపించిన వాటిని విడిగా గుర్తిస్తాడు. తేదీ, సమయం, స్థలపు అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరిగా రాస్తాడు.

స్థలాన్ని, కాలాన్ని ఈ విధంగా బంధించడానికి కారణం ఉన్నది. ఒకరు రోజంతా తిరిగి 60 జాతులను, మరొకరు అరగంటలో 15 జాతులను చూస్తే, మొదటి చోటు మెరుగైనదని చెప్పలేము. శ్రమ సమానమైనప్పుడే ఫలితాలను పోల్చవచ్చు. రెండు హెక్టార్ల చదరం చిట్టడవి ఖండంలో ఇమిడిపోతుంది. ఇరవై నిమిషాలు పనివేళకు ముందు ఉదయాన్నే వెచ్చించగలిగిన సమయం. అందువల్ల అదే వ్యక్తి అదే చోటికి సంవత్సరంలో పలుమార్లు తిరిగి వెళ్లడం సాధ్యమవుతుంది.

జాబితా సంపూర్ణంగా ఉండాలన్నది రెండవ నియమం. అరుదైన పక్షిని మాత్రమే రాసి, రోజూ కనిపించే కాకులను, పావురాలను విడిచిపెడితే ఆ జాబితా గణనకు పనికిరాదు. చూసినవన్నీ రాసినప్పుడే, రాయని పక్షి ఆ ఇరవై నిమిషాలలో గణకునికి తారసపడలేదని అర్థం చేసుకోవచ్చు. పక్షి క్షీణతను తెలిపేది ఈ 'లేమి'యే.

లెక్కను అర్థం చేసుకునే విధానం

ఇటువంటి జాబితాల నుంచి రాబట్టే ప్రధాన సూచిక 'నమోదు శాతం'. ఒక జాతి మొత్తం గణనలలో ఎన్నింటిలో నమోదైనదో ఇది తెలుపుతుంది. ఒక కల్పిత ఉదాహరణ చూద్దాం. ఒక చిట్టడవి ఖండంలో మొదటి సంవత్సరం 20 సార్లు గణన జరిపితే ఒక పక్షి 12 సార్లు నమోదైనది. దాని నమోదు శాతం 60. ఐదేళ్ల తరువాత 20 గణనలలో 8 సార్లే నమోదైతే అది 40 శాతం. తగ్గుదల ఉన్నట్లే కనిపిస్తున్నది. కాని 20 గణనలలో నాలుగింటి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అదే ధోరణి యాభై ఖండాలలో కనిపిస్తే దానిని యాదృచ్ఛికమని తోసివేయలేము. ఒక్కొక్క గణకుని జాబితాకు పరిమితమైన విలువ ఉండి, వేల జాబితాల సమాహారానికి విశేషమైన విలువ రావడానికి కారణం ఇదే.

నమోదు శాతం పక్షుల సంఖ్య కాదు. పెద్దగా కూసే పక్షి త్వరగా నమోదవుతుంది. పొదల్లో మౌనంగా తిరిగే పక్షి తప్పిపోతుంది. కనుక రెండు వేర్వేరు జాతుల నమోదు శాతాలను పోల్చి, ఇది ఎక్కువగా ఉన్నది, అది తక్కువగా ఉన్నదని చెప్పరాదు. ఒకే జాతిని కాలానుసారంగాను, స్థలానుసారంగాను పోల్చడానికే ఇది ఉద్దేశించబడినది.

చిట్టడవి ఖండాల నుంచి తెలిసిన విషయాలు

స్వచ్ఛంద గణన ధోరణిని చూపుతుంది. కారణాన్ని నిర్ధారించడానికి ప్రయోగం అవసరం. ఆస్ట్రేలియాలో ఈ రెండూ ఒకదానికొకటి తోడ్పడ్డాయి. ముఖ్యమైన నాలుగు అంశాలు ఇవి.

1. నేలమీది దుంగలు, పొదలు: చెట్లు నిలిచి ఉన్నా అడుగున పొదలు లేని, పడిన మానులను ఏరివేసిన ఖండాలలో చిన్న పక్షులు తక్కువగా ఉంటాయి. హుడెడ్ రాబిన్, బ్రౌన్ ట్రీక్రీపర్ వంటి పక్షులు నేలమీద, దుంగల మీద పురుగులను ఏరుకొని తింటాయి. ముర్రే నది తీరాన గల గన్‌బోవర్ ద్వీపపు వరద మైదానపు అడవిలో పరిశోధకులు పడిన కలపను వేర్వేరు పరిమాణాలలో పరచి చూశారు. హెక్టారుకు 40 టన్నులు, అంతకు మించి కలప ఉన్న చోట్ల బ్రౌన్ ట్రీక్రీపర్ల సంఖ్య స్పష్టంగా పెరిగింది. శుభ్రత కోసమో, వంటచెరకు కోసమో దుంగలను తొలగించడం పక్షికి మేత స్థలాన్ని తొలగించడమేనని దీనివల్ల తెలిసింది.

2. నాయిజీ మైనర్ దౌర్జన్యం: పేరు వినగానే మన గోరువంక స్ఫురించవచ్చు. కాని ఇది తేనె పీల్చే పక్షుల కుటుంబానికి చెందిన ఆస్ట్రేలియా స్వదేశీ పక్షి. గుంపులుగా నివసిస్తూ తనకంటే చిన్న పక్షులను తరిమివేస్తుంది. పొదలు లేని, అంచులు ఎక్కువగా ఉన్న చిన్న అడవి ముక్కలు దీనికి మిక్కిలి అనుకూలం. హెక్టారుకు ఒకటి కంటే తక్కువ సాంద్రతలో ఉన్నా చిన్న పక్షుల జాతులు తగ్గిపోతాయని తేలింది. విక్టోరియాలో 1990వ దశకంలో కొన్ని ఖండాల నుంచి ఈ పక్షులను తొలగించగా చిన్న పక్షులు తిరిగి వచ్చాయి. కాని తరువాత ఇతర ప్రాంతాలలో జరిపిన తొలగింపులలో పరిసరాల నుంచి కొత్త గుంపులు త్వరలోనే వచ్చి చేరాయి. 2014లో ఆ దేశ ప్రభుత్వం ఈ దౌర్జన్యాన్ని జీవవైవిధ్యానికి కీలకమైన ముప్పుగా చట్టరీత్యా గుర్తించింది. పక్షిని తొలగించడం ఒక్కటే చాలదని, దానికి అనుకూలించిన పరిస్థితిని మార్చి పొదలను తిరిగి పెంచవలసి ఉంటుందని ఈ అనుభవం నేర్పింది.

3. బదనిక: చెట్లపై పరాన్నజీవిగా పెరిగే బదనికను రైతులు తెగులుగానే చూస్తారు. న్యూ సౌత్ వేల్స్‌లోని బిల్లబాంగ్ క్రీక్ ఎగువ ప్రాంతంలో, పొలాల మధ్య గల 17 అడవి ఖండాల నుంచి బదనికను పూర్తిగా తొలగించి, డేవిడ్ వాట్సన్ బృందం ప్రయోగం చేసింది. మూడేళ్ల తరువాత, అడవిపై ఆధారపడే స్థిరనివాస పక్షి జాతులలో నాలుగవ వంతుకు పైగా ఆ ఖండాలలో కనిపించలేదు. బదనిక ఆకులు పోషకాలతో సహా రాలి నేలను సారవంతం చేయడం, ఆ నేలలో పురుగులు పెరగడం ఇందుకు కారణమని ఆ బృందం వివరించింది.

4. ఒంటరి మగ పక్షులు: న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో విడివడిన అడవి ఖండాలలో బ్రౌన్ ట్రీక్రీపర్ మగ పక్షులు జత లేకుండా ఉండడం గమనించారు. ఈ జాతిలో పుట్టిన చోటు విడిచి కొత్త చోటికి వెళ్లేవి ప్రధానంగా ఆడ పక్షులు. చుట్టూ ఖాళీ పొలాలు ఉన్నప్పుడు అవి ఆ ఖండాలను చేరుకోలేకపోయాయి. ఇటువంటి ఖండంలో గణకుడు ప్రతిసారీ ఆ పక్షిని నమోదు చేస్తాడు. జాబితా చూసినవారికి అంతా సవ్యంగానే ఉన్నదనిపిస్తుంది. ఆ మగ పక్షి మరణించిన ఏడాది జాబితాలో ఆ పేరు ఒక్కసారిగా మాయమవుతుంది. పక్షి కనిపించడం వేరు, ఆ జాతి అక్కడ నిలదొక్కుకొని ఉండడం వేరు. అందువల్ల గూడు, పిల్లలు, ముక్కున మేత పట్టుకొని పోవడం వంటి సంతానోత్పత్తి చిహ్నాలను కూడా నమోదు చేయమని గణకులను కోరతారు.

రైతులకు అందిన సూచనలు

'బర్డ్స్ ఆన్ ఫామ్స్' సర్వే అనుభవాన్ని ఆధారం చేసుకొని 2000లో రైతుల కోసం సూచనలు ప్రచురించారు. వాటిలో ముఖ్యమైనవి:

• క్షేత్ర విస్తీర్ణంలో కనీసం 30 శాతం స్థానిక సహజ వృక్షసంపద ఉండాలి.
• అడవి ఖండం కనీసం 10 హెక్టార్లు ఉండాలి. ఖండాలను కలిపే చెట్ల పట్టీలు కనీసం 50 మీటర్ల వెడల్పు ఉండాలి.
• సహజ వృక్షసంపదలో కనీసం 30 శాతం భాగంలో పొదలు ఉండాలి.
• పడిన చెట్లను అక్కడే శిథిలం కానివ్వాలి.
• లేత మొక్కల నుంచి తొర్రలున్న ముసలి చెట్ల వరకు అన్ని వయసుల చెట్లూ ఉండేలా చూడాలి.

వీటిలో చాలావరకు ఖర్చుతో కూడిన పనులు కావు. దుంగను కదపకుండా ఉంచడం, ఒక మూలకు కంచె వేసి గొర్రెలను కొంతకాలం దూరంగా ఉంచడం వంటివి రైతు తన చేతుల్లోనే ఉన్న నిర్ణయాలు.

గణన పరిమితులు

మొదటిది, స్థలం ఎంపికలో పక్షపాతం. స్వచ్ఛంద గణకులు సహజంగానే పక్షులు ఎక్కువగా ఉండే, దారి సౌకర్యం గల చోట్లకు వెళతారు. పేద ఖండాలు లెక్కలోకి రాకపోతే సగటు చిత్రం వాస్తవం కంటే మెరుగ్గా కనిపిస్తుంది. రెండవది, గణకుల నైపుణ్యంలో భేదం. కొత్త గణకుడు కూతను బట్టి గుర్తించలేని పక్షులను అనుభవజ్ఞుడు గుర్తిస్తాడు. అందువల్ల అసాధారణమైన నమోదులను ఆ ప్రాంతపు నిపుణులు పరిశీలించిన తరువాతనే స్వీకరిస్తారు. మూడవది, వర్షపాతం. ఆగ్నేయ ఆస్ట్రేలియా 1990వ దశకం చివరి నుంచి 2009 వరకు దీర్ఘమైన కరువును ఎదుర్కొన్నది. తడి సంవత్సరాన్ని కరువు సంవత్సరంతో పోల్చి అడవి క్షీణించిందనడం పొరపాటు. నాలుగవది, పద్ధతిలో మార్పు. తొలి అట్లాసులో విశాలమైన గడులలో జాబితాలు సేకరించగా, రెండవ అట్లాసులో చిన్న చదరాలు వచ్చి చేరాయి. రెండింటినీ పోల్చేటప్పుడు ఈ భేదాన్ని సవరించుకొనవలసి వచ్చింది. గణన పద్ధతిని మధ్యలో మార్చితే గత శ్రమ విలువ తగ్గిపోతుందన్నది ఇందులోని పాఠం.

మన ప్రాంతానికి అన్వయం

పై సూచనలలోని సంఖ్యలను మన ప్రాంతానికి యథాతథంగా తీసుకొనరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సగటు కమతం ఒక హెక్టారుకు కాస్త అటూ ఇటూగా ఉన్నది. ఆస్ట్రేలియా గణకుని రెండు హెక్టార్ల చదరమే మన సగటు కమతానికి రెట్టింపు. ఇక్కడ 30 శాతం భూమిని విడిచిపెట్టమని సన్నకారు రైతుకు చెప్పడం న్యాయం కాదు. అలాగే అక్కడ యూకలిప్టస్ స్వదేశీ వృక్షం. ఇక్కడ జామాయిల్ పేరిట నాటే తోట విదేశీ ఏకజాతి పంట. పక్షుల కోసమని జామాయిల్ నాటితే ఆస్ట్రేలియా అనుభవాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నట్లే.

మనకు వర్తించేది కొలత. మన చిట్టడవి ఒకే రైతు పొలంలో కాక ఊరంతటా చెదరి ఉంటుంది. పొలం గట్ల మీది తాడి వరుసలు, చెరువు శిఖంలోని తుమ్మలు, వాగు ఒడ్డు పొదలు, గుట్టలు, గ్రామ బంజరు అన్నీ కలిపితేనే అది ఒక ఆవాసం. కాబట్టి ఇక్కడ గణన ప్రమాణం కమతం కాదు, గ్రామం కావాలి. ఒక గ్రామంలో నాలుగైదు స్థిరమైన చదరాలను గుర్తించి, ఖరీఫ్‌కు ముందు, పంట కాలంలో, శీతకాలంలో, వేసవిలో అదే పద్ధతిలో లెక్కించవచ్చు. బాగున్న చోటుతోపాటు పొదలు నరికిన చోటును కూడా తప్పక చేర్చాలి. పశువుల మేత, నిప్పు, నరుకుడు వంటి వివరాలను ప్రతిసారీ రాయాలి. గణన పేరిట గూళ్లను కదిలించరాదు. పక్షుల స్థానిక నామాలు జిల్లా జిల్లాకు మారుతాయి కనుక బొమ్మతో కూడిన పట్టికను ముందుగా సిద్ధం చేసుకోవాలి.

పురుగుల నివారణకు పైర్లలో పక్షి స్థావరాలు అమర్చమని మన విస్తరణ సేవలు చాలాకాలంగా సిఫారసు చేస్తున్నాయి. ఆ స్థావరంపై వాలవలసిన ఏట్రింత, పాలపిట్ట పంట లేని రోజుల్లో ఎక్కడ ఉంటాయో, ఎక్కడ గూడు పెడతాయో తెలిపేది ఇటువంటి గణనే. అదే సమయంలో జొన్న, మొక్కజొన్న, ప్రొద్దుతిరుగుడు పంటలకు చిలుకలు కలిగించే నష్టం కూడా వాస్తవమే. గణన పక్షుల పక్షాన వాదించదు. ఉన్నదానిని ఉన్నట్లు రాస్తుంది. పక్షులు పెరిగితే పురుగు తగ్గుతుందని గణన ఒక్కటే నిరూపించలేదు. అందుకు విడిగా పొలంలో ప్రయోగం జరపాలి.

మన దేశంలోనూ ఈ మార్గానికి పునాది పడినది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక 30,000కు పైగా పక్షి పరిశీలకులు స్వచ్ఛందంగా అందించిన జాబితాల ఆధారంగా 942 జాతులను పరిశీలించింది. జాబితాలలో ఒక జాతి ఎంత తరచుగా కనిపిస్తున్నదన్న సూచికనే అందులోనూ వాడారు. తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్ట గణనీయంగా తగ్గిందని, దాని స్థితిని అంతర్జాతీయంగా పునఃపరిశీలించాలని ఆ నివేదిక సూచించింది. దసరానాడు దర్శనం కోసం వెదికే పక్షి తగ్గిపోతున్నదన్న సంగతిని తేల్చినవి ఈ సాధారణ జాబితాలే. 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలోని చిట్టడవిలో స్థానికుల సహాయంతో తిరిగి కనుగొనబడడం కూడా ఇక్కడ స్మరణీయం. పనికిరాని తుప్పలుగా కనిపించిన నేలలోనే అది జీవించి ఉన్నది.

ముగింపు

స్వచ్ఛంద గణనకు విలువ తెచ్చేవి నాలుగు: స్థిరమైన స్థలం, స్థిరమైన సమయం, సంపూర్ణమైన జాబితా, సంవత్సరాల తరబడి పునరావృతి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా అది వినోదంగా మిగులుతుంది. నాలుగూ ఉంటే వ్యవసాయ పాలిటెక్నిక్ విద్యార్థి రాసిన జాబితా కూడా శాస్త్రీయ ఆధారమవుతుంది. మన గ్రామాలలోని చిట్టడవి ముక్కలు ఏటేటా తరిగిపోతున్నాయి. వాటిలో నేడు ఏమున్నదో నమోదు చేయకపోతే, రేపు ఏమి పోయిందో చెప్పడానికి ఆధారం ఉండదు. పోయిన తరువాత ఆ తొలి లెక్కను ఎవరూ తిరిగి తయారు చేయలేరు. కావున ప్రతి పరిశోధన స్థానం, ప్రతి వ్యవసాయ కళాశాల తమ పరిసరాలలో కనీసం ఒక చదరాన్ని ఎంచుకొని తొలి జాబితాను ఈ సంవత్సరమే ప్రారంభించడం అవసరం.